కాళ్ళ తొట్టి

పోయిన నెల మనవరాలికి బళ్ళారిలో ఏదో పరీక్ష ఉంటే తోడుగా వెళ్ళాను. పరీక్ష అయ్యాక బస్సుకు ఇంకా వ్యవధి ఉందని, ఈ ఎండలో రోడ్ల మీద ఏం తిరుగుతాంలెమ్మని, అది నన్ను అక్కడి మ్యూజియంలోకి లాక్కుపోయింది. రాతిగొడ్డళ్ళూ, కుండపెంకులూ, ముక్కు చెక్కేసిన విగ్రహాలూ చూసుకుంటూ నడుస్తున్నదాన్ని, ఒక మూల అద్దం వెనకాల ఎర్రమట్టి తొట్టి ఒకటి కనబడేసరికి నిలబడిపోయాను. రెండు మూరల పొడవు, కోడిగుడ్డును నిలువునా కోసి పడుకోబెట్టినట్టుండే ఆకారం, అడుగున రెండు వరసల్లో పొట్టి పొట్టి కాళ్ళు, అంచు మీద ఒకచోట పెచ్చూడితే దానికి సిమెంటు పూత. ఆ పూత పూసింది మా మావయ్యగారు.

మనవరాలు నా భుజం మీదుగా తొంగిచూసి, ఎంత ముద్దుగా ఉందో, బాత్‌టబ్‌లా ఉంది నానమ్మా అంది. మీ నాన్నకు లాల పోసింది దీన్లోనేనే అన్నాను, నోరు జారి. అది నవ్వుతూనే పక్కనున్న పలక చదివింది. చదివి, నవ్వు ఆగిపోయి, నా ముఖంకేసి చూసిన చూపు ఉందే, యాభై ఏళ్ళ క్రితం మా ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది అచ్చం అలాగే.

మాది గోదావరి జిల్లా. తుంగభద్ర కాలువ నీళ్ళొచ్చిన కొత్తలో మా మావయ్యగారు అక్కడి ఎకరం అమ్మి, ఇక్కడ కురుగోడు వైపు నల్లరేగడి కొని, మరి నాలుగు కుటుంబాలతో కలిసి గుడిసెలు వేసుకున్నారు. చుట్టుపక్కల వాళ్ళు మా ఊరిని ఊరనేవారు కాదు, క్యాంపు అనేవారు. నేను కోడలిగా వచ్చేనాటికి గుడిసెలు పెంకుటిళ్ళయ్యాయి కానీ పొలం మాత్రం ఇంకా సగం ఎత్తుపల్లాలే. ఏటా వేసవిలో ట్రాక్టరు పెట్టి కొంచెం కొంచెంగా చదును చేసి మళ్ళు కట్టుకునేవారు. అలాంటి ఒక వేసవిలో, మా అబ్బాయి నెలల పిల్లవాడుగా ఉన్నప్పుడు, కాలువ పక్క చెలకలో ట్రాక్టరు పలుగుకు ఈ తొట్టి తగిలింది.

నిండా గట్టిబడ్డ మట్టి. మావయ్యగారూ మావారూ గునపంతో మట్టి పెళ్ళగించి పడేస్తే అందులోంచి లోపల నలుపూ బయట ఎరుపూగా నిగనిగలాడే చిట్టి కుండలు మూడు, ఎర్రరాతి పూసలు గుప్పెడు దొరికాయి. తెల్లగా పొడిపొడిగా రాలే ముక్కలు కూడా ఉన్నాయిట. రేగడిలో సున్నపు గడ్డలు మామూలేగా అని వాటిని గట్టు మీదికి విసిరేశారు. తొట్టిని మాత్రం బండికెత్తి ఇంటికి తెచ్చారు.

ఆ సాయంత్రం మా వాకిట్లో జరిగిన వాదన తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది, వెంటనే గుండె జల్లుమంటుంది. మావయ్యగారు అది కుడితి గోలెం అన్నారు, కాదనడానికి వీల్లేదన్నారు. పక్క ఊరి గౌడ గారు మీసం దువ్వుకుంటూ, "అది రాయర కాలద్దు యజమాన్రే! కుదురెకి ఉలవలు పెట్టే తొట్టి, నాకు గొత్తు," అన్నారు. రాయర కాలద్దు అంటే రాయలవారి కాలం నాటిదని, కుదురె అంటే గుర్రం. "ఇందులో మూతి పెట్టే గుర్రం ఎంతుంటుందయ్యా, కుక్కపిల్లంతా?" అని మావయ్యగారు ఎదురడిగేసరికి అందరూ గొల్లుమన్నారు. అత్తయ్యగారు మాత్రం తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, ఇది ఏ రాణిగారో బిడ్డకు నీళ్ళు పోసుకున్నదేనని తేల్చేశారు.

మా పొలానికి కూలీలను పిలుచుకొచ్చే పెద్దామె ఒకతె ఉండేది. వాళ్ళవి తరతరాలుగా ఈ నేల మీదున్న తెలుగు కుటుంబాలు, కూరెకుప్ప దగ్గర వాళ్ళు. ఆమె ఒక్కతే నవ్వలేదు. "అట్లనగాకండప్పా. మా జేజి చెప్పేది, మునుపు ఈడ జానెడు జానెడు మనుషులు ఉండ్రంట. నిప్పుల వాన కురిస్తే ఇట్లాటి వాట్లోనే దూరి దాక్కునిరంట. ఇది వాళ్ళు పండుకునేది. యాడ దొరికిందో ఆడే పెట్టేయండి," అంది. జానెడు మనుషులట, నిప్పుల వానట అని మేమంతా ముసిముసిగా నవ్వుకున్నాం. కాలువ నీళ్ళొచ్చాక వచ్చినవాళ్ళం, ఆ నేలకు మా కంటే ముందు కథలుంటాయన్న ధ్యాస మాకు లేదు.

ఆఖరికి అత్తయ్యగారి మాటే నెగ్గింది. మావయ్యగారు పెచ్చూడిన చోట సిమెంటు పూశారు, మర్నాటి నుంచే మా అబ్బాయి స్నానాలు అందులో. నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోసి పడుకోబెడితే వాడికి ఎంత చక్కగా సరిపోయిందంటే, కొలత తీసి చేయించినట్టే ఉందని అత్తయ్యగారు మురిసిపోయేవారు. పూసలు కడిగి వాడి మొలతాడుకు గుచ్చారు. చిట్టి కుండల్లో ఒకటి కోళ్ళ నీళ్ళకయింది.

కొన్నాళ్ళకు మావారితో చదువుకున్నాయన, బళ్ళారి కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారు, మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆయన వచ్చే వేళకు నేను పెరట్లో బిడ్డకు నీళ్ళు పోస్తున్నాను. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన మనిషి చెంబు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత చెంబు కింద పెట్టి, ముందు బిడ్డను బయటికి తీయండమ్మా అన్నారు, చాలా నెమ్మదిగా. పాము వచ్చిందేమోనని నేను వాణ్ణి ఒక్క ఉదుటున ఎత్తుకున్నాను. ఇది ఎక్కడిదో, లోపల ఏమేం దొరికాయో ఆయన ఒక్కొక్కటే అడిగారు. తెల్ల ముక్కల మాట వినగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది స్నానాల తొట్టి కాదండీ. ఎన్ని వేల ఏళ్ళనాడో, చచ్చిపోయిన పసిబిడ్డను దీంట్లో పడుకోబెట్టి పూడ్చిపెట్టారు. ఆ పూసలూ కుండలూ ఆ బిడ్డతో పాటు పెట్టినవి," అన్నారు.

ఆ మాట చెవిన పడ్డాక కాసేపు ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. అత్తయ్యగారు నా చేతుల్లోంచి బిడ్డను లాక్కుని మొలతాడు పుటుక్కున తెంపెయ్యడం, పూసలు పెరటి మురుగు కాలువలోకి దొర్లిపోవడం, పసుపు నీళ్ళు పసుపు నీళ్ళు అని ఆవిడ అరవడం మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. నా రెండు చేతులకూ ఇంకా నలుగుపిండి. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో పట్టుకుని నిలబడ్డాను. మావారు గునపం తెచ్చారు, ముక్కలు చేసి పారేస్తానని. మాస్టారు అడ్డుపడ్డారు. మావయ్యగారేమో ఇంకా నమ్మలేక, "పూడ్చేదానికి కాళ్ళెందుకండీ మరి?" అని వాదనకు దిగారు.

"అది మాకూ తెలియదండీ. చల్లటి నేల బిడ్డ వీపుకు తగలకూడదనుకున్నారేమో," అన్నారు మాస్టారు.

ఆ మాటకు నేను తొట్టి పక్కన కూర్చుని దాని అంచు మీద చెయ్యి వేశాను. ఎందుకో చెప్పాలంటే ఇంకొక మాట చెప్పాలి. మా అబ్బాయి నాకు మొదటి కాన్పు కాదు. వాడికి ఏడాదిన్నర ముందు ఒక బిడ్డ పుట్టి, ఏడవకుండానే పోయాడు. మంత్రసాని గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. చూస్తే బెంగ పెట్టుకుంటుందని నాకు చూపించలేదు. మగవాళ్ళు ఎక్కడికో తీసుకెళ్ళి వచ్చి స్నానాలు చేశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తకూడదని నాకూ తెలుసు. అలాంటిది, ఎవరో పేరు లేని తల్లి, బిడ్డ వీపుకు చలి తగలకుండా మట్టిని ఇంత శ్రద్ధగా కాల్చి కాళ్ళు పెట్టించిందంటే, పక్కన గిన్నెలూ పూసలూ పెట్టుకుందంటే, భయం స్థానంలో నాకు కలిగింది అసూయ. పెద్దవాళ్ళ ముందు నోరెత్తని దాన్ని, అందరూ ఉండగానే అడిగేశాను.

"మన పెద్దాణ్ణి ఎక్కడ పెట్టారు?"

మావారు మావయ్యగారి వైపు చూశారు. మావయ్యగారు భుజం మీది కండువా చేతిలోకి తీసుకున్నారు.

"ఆ చెలక మూలేనమ్మా, కాలువ వైపు. ఆ మూల ముట్టుకోవద్దని ట్రాక్టరు వాడికి చెప్పే వెళ్ళాను. తొట్టి దొరికిన మర్నాడు విత్తనాలకని కంప్లి వెళ్ళి వచ్చేసరికి అంతా చదును చేసేశాడు. నీకేం చెప్పను?"

అంటే వాడిదీ ఆ చెలకే. ఎవరో బిడ్డ పడక బయటపడిన ఆ దున్నుడులోనే నా బిడ్డ జాడా పోయింది. మావయ్యగారు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఆ మూలను గుర్తు పెట్టుకుని కాపలా కాశాడన్నది ఆ క్షణం వరకూ నాకు తెలియదు.

అప్పుడు కదిలింది అత్తయ్యగారు. బిడ్డను మావారికి అందించి, మురుగు కాలువలో చెయ్యి పెట్టి పూసలు ఒక్కొక్కటీ ఏరారు. కోళ్ళ దగ్గరి కుండ తెచ్చి తోమారు. నా చెయ్యి పట్టుకుని ఆ ఎండలోనే చెలకకు బయలుదేరదీశారు, కూలీల పెద్దామె వెనకే వచ్చింది. ముగ్గురం గట్టు మీద వంగి ఆ తెల్ల ముక్కలను వెతికాం. దొరికినవి ఒళ్ళో పోసుకుంటూ ఆ పెద్దామె, "పాపం, యా తల్లి బిడ్డో. చలిలో పారేస్తిరి గదమ్మా," అంటుంటే మా ఇద్దరికీ తలెత్తబుద్ధి కాలేదు. వాటినీ పూసలనూ కుండలో పెడుతుంటే, వెంట వచ్చిన మాస్టారు తటపటాయిస్తూ అవి కూడా మ్యూజియంలో ఉండదగ్గవి కదా అంటే, "తొట్టి పట్టుకెళ్ళండి బాబూ, బిడ్డను మాత్రం ఇవ్వను," అన్నారు అత్తయ్యగారు. కాలువ వైపు మూలలో, మావయ్యగారు చూపించిన చోట, అక్కడే అయ్యుండొచ్చని ఆయన అనుకున్న చోట, గొయ్యి తీసి ఆ కుండను పెట్టాం. మా వాడికి తోడుగా ఉంటుందిలే అన్నారు ఆవిడ.

మర్నాడు తొట్టి బళ్ళారి వెళ్ళింది. మావయ్యగారు ఆ మూల చుట్టూ తన చేత్తో గట్టు వేసి, బతికున్నన్నాళ్ళూ అక్కడ నాటు పడనివ్వలేదు. ఆయన పోయాక అన్నదమ్ముల పంపకాల్లో ఆ చెలక చేతులు మారింది. తర్వాత అటు వెళ్ళలేదు నేను.

రెండేళ్ళ క్రితం మా చెల్లెలి మనవరాలికి ఇలాగే కడుపుకోత కలిగితే చూడబోయాను. ఆసుపత్రిలో నర్సు బిడ్డను తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది, నీ ఇష్టమున్నంతసేపు ఉంచుకోమంది. దాని మొగుడు పక్కనే కూర్చుని ఆ బిడ్డ వేళ్ళు ముట్టుకుని చూశాడు, ఫొటో కూడా తీశాడు. చచ్చిన బిడ్డకు ఫొటో ఏమిటని లేచి వరండాలోకి వచ్చేశాను. అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించాను. మా కాలంలో దయ అంటే దాచడం. మా పెద్దవాళ్ళు రాతిగుండె మనుషులేం కాదు, మమ్మల్ని ప్రేమించే దాచారు, తామూ లోలోపల మోసారు. ఇప్పటివాళ్ళు చూపించడమే దయ అంటున్నారు. ఏది సరైనదో తేల్చే వయసు నాకు దాటిపోయింది.

అత్తయ్యగారు మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం, నేను అన్నం కలిపి పెడుతుంటే, అడక్కుండానే ఒక మాట చెప్పారు. వాడికి జుట్టు చాలా ఒత్తుగా ఉండేదిట. నా బిడ్డ గురించి నాకు తెలిసింది ఆ ఒక్కటే.