ఆరేళ్ళకు వచ్చే పన్ను

ఈ ఉదయం తిరుపతిలో నా క్లినిక్కులో ఒక పాప దవడపన్నును సన్నటి ఉక్కుపుల్లతో తాకి చూశాను. గట్టిగా తగిలి జారాల్సిన చోట పుల్ల మెత్తగా దిగబడింది. పసుప్పచ్చటి పెచ్చు ఒకటి సుద్దలా రాలింది. వేళ్ళకు ఆ మెత్తదనం తగలగానే సులోచన మేడమ్ గుర్తొచ్చారు.

చదువు ముగించి నేను మొదట చేరింది పూతలపట్టు దగ్గర ఒక ట్రస్టు ఆసుపత్రిలో. అక్కడ పళ్ళ డాక్టర్లం ఆమె, నేను, ఇద్దరమే. ఒకరోజు టమోటా తోటల్లో కూలికి పోయే రేవతి తన కూతుర్ని తీసుకొచ్చింది. పాపకు కొత్తగా వచ్చిన దవడపళ్ళు అప్పుడే విరిగిపోతున్నాయి. బిడ్డకు పళ్ళు తోమించడం కూడా తెలీదా అని నేను కసిరాను.

"రెండు పూట్లా తోమిస్తానే ఉండాను మేడమ్. వచ్చేటప్పుడే అట్ల వచ్చినాయి" అంది రేవతి తల వంచుకుని.

సులోచన మేడమ్ ఆమె ఎదుట కూర్చున్నారు. "ఈ పన్ను ఆరేండ్లకు బయటికొస్తాది గానీ, దాని మీది గట్టి పొర బిడ్డ పుట్టిన మొదటి మూడేండ్లలోనే తయారవుతాదమ్మా. అప్పుడు చెడితే మళ్ళీ రాదు. నువ్వు తోమించకపోబట్టి కాదు." కడుపుతో ఉన్నప్పుడు పురుగుమందు కొట్టే చోట పనిచేసిందా, వేడి పాలు ప్లాస్టిక్ సీసాలో పట్టిందా, బిడ్డకు జ్వరాలు వచ్చాయా అని అడిగి, ప్రతి జవాబూ రాసుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక, ఫ్లోరైడు నీళ్ళేమో అన్నాను.

"అదైతే అన్ని పండ్ల మీదా మచ్చలుండాల. ఈడ ఆ మూడేండ్లలో తయారైనవే చెడినాయి, సూడు" అన్నారు. పురుగుమందుల్లో, ప్లాస్టిక్‌లో ఉండే, ఒంట్లో హార్మోన్ల పనిని చెడగొట్టే కొన్ని రసాయనాలు పంటిపొరనూ చెడగొట్టడం ఎలుకల్లో కనిపించిందనీ, మనుషుల్లో ఇంకా తేలలేదనీ చెప్పారు. "రుజువు నా దగ్గర లేదు. అడక్కపోతే ఎప్పటికీ రాదు."

ఆ సంవత్సరం చుట్టుపక్కల బడుల్లో పళ్ళ శిబిరాలు పెట్టాం. వాటిని పెట్టించింది ఒక పురుగుమందుల వ్యాపారి. ఆసుపత్రి కమిటీకి పెద్ద కూడా ఆయనే. ఇలాంటి పళ్ళున్న పిల్లల ఇళ్ళలో పురుగుమందుల వాడకం గురించి విచారించాలని మేడమ్ నివేదికలో రాశారు.

"అనుమానాలెందుకమ్మా రాసేది? పండ్లు తోమే అలవాటు లేదని రాయండి, సరిపోతాది" అన్నాడాయన.

మేడమ్ మార్చనన్నారు. వారం తిరక్కుండా ఆమెను పనిలోంచి తీసేశారు. నివేదిక నా బల్ల మీదికొచ్చింది. ఆయన చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను. ఆమె గది నాకిచ్చారు.

పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చిన రోజు మేడమ్ ఆ కాగితం చదివారు. గొంతు పెంచలేదు. "నన్ను తీసేసినందుకు బాధ లేదు పాపా. తప్పంతా అమ్మలదేనని రాసిచ్చినావే" అన్నారు. నేనేదో చెప్పబోయాను. ఆమె ఆగలేదు.

తర్వాత నేనూ ఆ ఆసుపత్రి వదిలేశాను. ఆమె చిత్తూరులో జబ్బుపడి ఉన్నారని తెలిసినా ఎదురుపడే ధైర్యం చాల్లేదు. ఆమె పోయిన సంగతి కూడా ఆలస్యంగా, ఎవరో చెబితే విన్నాను.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే తల్లులను ఆమె అడిగినవన్నీ అడిగి రాసిపెడతాను. నీ తప్పు కాదని చెబుతాను. కొందరు కళ్ళు తుడుచుకుంటారు, నన్ను మంచి డాక్టరంటారు. నా సంతకమున్న ఆ నివేదికను అప్పట్లో బడుల్లో తల్లులను పిలిచి మరీ చదివి వినిపించారు. వాళ్ళ దగ్గరికి మాత్రం నేనింతవరకు తిరిగి వెళ్ళలేదు.