మన్యంలో మొదటి ఇండోర్ హాలు

పట్నాల్లో ఫలానా ఇండోర్ స్టేడియం ఎప్పుడు కట్టారు, అందులో ఎవరు ఆడారు, ఎవరు పాడారు అని చరిత్రలు రాస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. రైలింకా రాని ఆ ఏభైల్లో అరకులో నేనొక హాలు పెట్టాను. దాని గురించి రాసినవాడు ఒక్కడూ లేడు! నిజానికి అది మా మేనమామ చింతపండు గోడౌను. ఆయన కొట్లో పనికి కుదిరిన నాకు, వానలకి బయట ఆటా పాటా లేక పిచ్చెక్కుతుంటే, ఖాళీగా ఉన్న ఆ గోడౌను కనబడింది. కాళ్లావేళ్లా పడి అడిగి తీసుకున్నాను. బాల్ బ్యాడ్మింటన్ పెడితే బంతి దూలాలకి తగిలి, రాలిన చింతపండు దుమ్ముకి ఆటగాళ్లు తుమ్ముతూ కూలబడ్డారు. హరికథ పెడితే ఆ పులుపు వాసనకి దాసుగారు నోట్లో నీళ్లూరి రాగం మింగేశారు. (వచ్చిన జనం దానికే ఎక్కువ చప్పట్లు కొట్టారు, దౌర్భాగ్యులు.)

మావ విసిగిపోయాడు. "ఏటిరా ఈ భాగోతం? ఈసారి జనం కడదాకా కూకుంటే హాలు నీది. నేదంటే తెల్లారే అల్లం బస్తాలు దించెత్తాను" అన్నాడు. దాంతో పక్క కొండ మీది ఊరినుంచి థింసా నాట్యం ఆడేవాళ్లని పిలిచాను. ముందు వరుసలో మా ఊరి ఫారెస్టు ఆఫీసరుగారికి కుర్చీ, ఎదురుగా బల్లలతో వేదిక, పెట్రోమాక్సు లైట్లు. ఏ లోపమూ లేదనుకున్నాను.

ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని, గుండ్రంగా, లోపలికి మొహాలు పెట్టి మొదలెట్టారు. ఆఫీసరుగారు మండిపడ్డారు: "ఏమయ్యా, మాకు వీపులు చూపించడానికా పిలిచావు?" నేను వేదిక దగ్గరికి పరిగెత్తి, "ఇటు తిరిగి ఆడండి!" అని అరిచాను. ముందు నడిచే ముసలామె ఆగకుండానే, "మీకేసి తిరిగితే మావోళ్ల మొకాలు ఎవులు సూత్తారు బాబూ? ఈ బల్ల మీద కాలు సాగట్నేదు" అంది. అని వేదిక దిగింది. ఆమె ఎటు పోతే గొలుసంతా అటే పోవాలి, మధ్యలో చెయ్యి విడవకూడదు. కుర్చీల సందుల్లోంచి మెలికలు తిరుగుతూ, బళ్లు పట్టే ఆ పెద్ద తలుపులోంచి గొలుసు వానలోకి వెళ్లిపోయింది. వెనక తుడుములు వాయించేవాళ్లు, ఆ వెనక నా జనం! ఆఖరికి ఆఫీసరుగారు కూడా గొడుగు వేసుకుని వాళ్ల వెనకే వెళ్లిపోయారు.

"ఒక్కడైనా కూకున్నాడేటిరా?" అన్నాడు మావ, ఖాళీ కుర్చీలు చూపించి.

నా కడుపు రగిలిపోయింది. "లోపలికి రండి! నా కొంప ముంచకండి!" అని అరుస్తూ బురదలోకి ఉరికాను. ఎవరో నడుం పట్టి గొలుసులోకి లాగేశారు. వదిలించుకోలేక, ఆ ఉక్రోషంతో కాళ్లు దబదబా నేలకేసి కొట్టాను. "అలగే బాబూ, బాగా ఏత్తన్నావు!" అంది పక్కనున్న గుంట పిల్ల. వాళ్లని తిట్టిన కొద్దీ నా అడుగు కుదిరింది. వాన వెలిసేదాకా వాళ్లు నన్ను వదల్లేదు.

తెల్లారి అల్లం బస్తాలు దిగాయి. పళ్లు నూరుకుంటూ నేనే దగ్గరుండి దింపించాను. మావ అటు తిరగ్గానే మాత్రం బస్తాల మధ్య ఒక అడుగు ముందుకీ ఒకటి వెనక్కీ వేసి చూసుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. కాకపోతే ఈ మోకాళ్లతో నేలకేసి కొట్టలేక, ఈమధ్య కూర్చునే కోప్పడుతున్నాను.