చేత్తో బిగించిన ఫిల్టర్

మా ఎదురింటి కాక మొన్న మంగళారం పొద్దుగాల పోయిండు. ఆయన భార్య, చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బేగంపేటల మా సర్వీస్ సెంటర్‌ల ఒక కారు కింద పండుకొని ఉన్న. "మీ కాక ఊపిరి ఇడ్సిండు రా" అన్నది, అంతే. చేతులు కడుక్కొని బయల్దేరుతుంటే సూపర్‌వైజర్ "ఆ బండి పన్నెండింటికి ఇయ్యాలె, అయినంక పో" అన్నడు. వాని మొఖం సుత చూడకుండ వచ్చేసిన.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. లాలాగూడల మా గల్లీల ఎదురిల్లు, అంతే. వాళ్లు చర్చికి పోతరు, మేము గుడికి పోతం. ఆయన రైల్వేల ఫిట్టర్‌గ చేసి రిటైరయిండు. పిల్లలు లేరు. పాత మారుతి కారు ఒకటి ఉండె. గల్లీల ఎవరికి పురిటి నొప్పులొచ్చినా, ఎవరికి గుండె పట్టుకున్నా ఆ కారే పోయేది. మా అవ్వను దవాఖానకు తీస్కపోయింది అదే.

నాకు పని ఎవరూ కూసోబెట్టి నేర్పలేదు. తొమ్మిదో క్లాసుల బడి ఇడ్సిపెట్టి, చూసుకుంట, చెడగొట్టుకుంట నేర్సుకున్న. అయితే చూసింది ఎవరినంటే కాకనే.

కొన్ని నెలలకోసారి ఆదివారం చర్చి నుంచి రాంగనే ఆయన ప్యాంటు ఇప్పి లుంగీ కట్టేటోడు. ముందు చక్రాలు రెండు కట్టె మొద్దుల మీదికి ఎక్కిచ్చి, ఇంజన్ జెరసేపు నడిపి, వేడెక్కిన నూనె ఒక సొట్టల బేసిన్లకు ఇడిసేటోడు. చిన్నమ్మ కిటికీలకెల్లి అరిచేది: "ప్రభువు దినం నాడు సుత ఆ నల్ల నూనె పూసుకుంటవా?"

"ప్రభువు సుత కట్టె చెక్కే వడ్ల పని చేసినోడే గదనే. పనోని బాధ ఆయనకు తెలుస్తది."

తర్వాత ఆయిల్ ఫిల్టర్. పిడికిలంత రేకు డబ్బా, ఇంజన్‌కు మర మీద తిప్పి బిగిస్తరు. కొత్తది ఎక్కిచ్చేటప్పుడు దాని రబ్బరు రింగుకు వేలితో నూనె రాసి, ఉత్త చేత్తోనే బిగిచ్చేటోడు. పానా ముట్టనిచ్చేటోడు కాదు. "చేత్తో బిగిస్తే చేత్తోనే వస్తది. రేపు దీన్ని ఇప్పెటోడు సుత మనిషే" అనేటోడు. చాలా సెంటర్లల్ల పానా పెట్టి పీకి బిగిస్తరు. ఇప్పేది ఇంకెవడో కదా, వాని తిప్పలు వాడు పడ్తడు. ఆ ఇప్పెటోడు ఫిల్టర్‌కు అడ్డంగ స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి, రేకు చీరి, మెలిపెట్టి తీస్తడు. అట్ల తీసెటోళ్లను కాక కసాయోళ్లనేటోడు.

పోయినేడు వానలు వెనక్కి పట్టినంక ఒక ఆదివారం నాకు సెలవు దొరికింది. కాక కారు కిందున్నడు. లోపటికెల్లి తిట్లు ఇనబడుతున్నయి.

"ఎవడ్రా దీన్ని ముట్టింది? పానా పెట్టి సావగొట్టిండు. రాయి లెక్క అయింది."

"ఎవరు ముడ్తరు కాకా, పోయినసారి నువ్వే కదా బిగిచ్చింది."

"నువ్వే ముట్టి ఉంటవు. మీ సెంటర్ తెలివి చూపెట్టినవు."

"నేనెందుకు ముడ్తా?"

ఆయన గరుకు కాయితం చుట్టి చూసిండు. పాత బెల్టు చుట్టి గుంజిండు. రాలేదు. చెమటకు బనీను మొత్తం నానింది. ఆఖరికి "స్క్రూడ్రైవర్, సుత్తి తే" అన్నడు. ఆయన నోట ఆ మాట నేనెన్నడు ఇనలేదు.

"జెర జరుగు కాకా, నేను చూస్తా."

కిందికి దూరి ఫిల్టర్ పట్టుకున్న. తిరిగింది. పచ్చడి సీసా మూత తిరిగినట్టు, అంత అల్కగ. అది జాం కాలేదు. ఆయన చేతులల్లనే ఏం లేదు.

పక్కన మొఖం నా దిక్కే పెట్టి చూస్తున్నడు. నేను పండ్లు బిగబట్టి మూలిగిన. "గట్టిగనే ఉంది కాకా, నిజంగనే ఎవడో ముట్టిండు" అన్న.

కాక నా చేతులల్ల ఉన్న ఫిల్టర్ దిక్కు చూసిండు. తర్వాత మెల్లగ, "నాటకాలు చెయ్యకు రా. ఊకెనే వచ్చింది కదా" అన్నడు. ఇంకాసేపటికి, "చిన్నమ్మకు చెప్పకు."

ఎన్ని దినాలు దాగుతది? ఒక దవాఖాన్ల మెడ ఎముకన్నరు, ఇంకో దాంట్ల షుగరన్నరు. చివరికి ఒక డాక్టర్ నరాల జబ్బని చెప్పి, దీనికి మందు లేదన్నడు. చేతుల్ల షురూ అయి, కాళ్లకు, గొంతుకు, ఊపిరికి పాకుతదట. దిమాగ్ మాత్రం సాఫ్‌గ ఉంటదట, ఏమేం పోతున్నదో మనిషికి అన్నీ తెలుస్తయట. ఇది చెప్పి ఆ డాక్టర్ తర్వాతి పేషెంటును పిలిచిండు. ఆయన్నేమంటం. అనడానికి ఎవడన్న ఒకడుంటే మంచిగుండేది అనిపిస్తది నాకు.

ఆ తర్వాతి సర్వీస్‌కు కింద నేను, పక్కన కుర్చీల ఆయన. చేతులు రెండూ ఒళ్ల పెట్టుకున్నడు, ఎవరో అక్కడ పెట్టి మర్సిపోయినట్టు.

"రింగుకు నూనె రాసినవా?"

"రాసిన."

"చేత్తోనేనా బిగిచ్చినవు?"

"చేత్తోనే."

"నాకెట్ల తెలుస్తది రా" అన్నడు.

నేను ఫిల్టర్‌ను ఇంకోసారి చేత్తో పట్టి చూసిన.

సంకురాత్రి దాటేసరికి చెంచ చేతుల ఆగలేదు. ఎండాకాలం వచ్చేసరికి మాట పోయింది. కారు తాళాలు నాకిచ్చిండ్రు, గల్లీల ఎవరికన్న అవసరం పడితే తోలమని. తోలుతున్న. సెంటర్ల నేను చేత్తో బిగిస్తుంటే సూపర్‌వైజర్ టైం వేస్ట్ అంటడు. అననీ. నేను చేత్తో బిగిస్తే కాక బతికి రాడు, అది నాకు తెలుసు. ఆయన చూపిచ్చింది ఇంకోతీరు చెయ్య రాదు నాకు, అంతే.

వాళ్ల సమాధులుండే బొందలగడ్డల పాస్టర్ గారు "మన సహోదరుడు విశ్రాంతిలోకి ప్రవేశించిండు" అన్నడు. మంచాయనే, కోపం లేదు. కానీ విశ్రాంతి ఎవరడిగిండ్రు? ఇన్ని నెలల సంది కుర్చీల కూసోబెట్టి విశ్రాంతి ఇస్తనే ఉన్నరు కదా. ఆయనకు కావాల్సింది పని.

పెట్టెల ఆయనకు పెండ్లి నాటి కోటు తొడిగిండ్రు. చేతులకు తెల్ల గ్లౌజులు. వాళ్ల దాంట్ల రివాజట. లోపట చేతులు ఎండిపోయినయి కదా, గ్లౌజు వేళ్లు వదులై పక్కకు వాలుతున్నయి. చిన్నమ్మ వంగి ఒక్కొక్క వేలు పట్టుకొని సాపు చేస్తున్నది. ఒకటి సాపు చేసేలోపు ఇంకోటి వంగుతున్నది. మూత పెట్టెటోళ్లు మూత పట్టుకొని నిలబడ్డరు. ఎవరూ ఆమెను జరగమనలేదు.