చాయ్‌తో వేసుకునే గోలీ

కరోనా తగ్గి జనం మాస్కులు తీసేసిన మరుసటి ఎండాకాలం. హనుమకొండలో ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సును. అప్పటికి పదిహేడేళ్ల సర్వీసు, దానికి తగ్గ పొగరు, దానికి తగ్గ మోకాళ్ల నొప్పులు.

కొమురమ్మను ఆమె భర్త సమ్మయ్య ఆటోలో తీసుకొచ్చాడు. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చికి తొడిమెలు తీసే పని ఆమెది. మూడు వారాలుగా తలనొప్పి. మిర్చి ఘాటుకు అందరికీ వచ్చేదే కదా అనుకున్నారట. ఒకటి రెండుగా కనబడి, మాట తడబడ్డాక కదిలారు.

వెన్నులోంచి నీళ్లు తీసి పరీక్షిస్తే క్రిప్టోకాకస్ బయటపడింది. మట్టిలో, పావురాల రెట్టలో ఉండే ఫంగస్ ఇది. మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు పీల్చే ఉంటాం, ఒంట్లోని రోగనిరోధక శక్తి దాన్ని అణిచేస్తుంది. ఎక్కువగా ఆ శక్తి సన్నగిల్లినవాళ్లలోనే అది మెదడు పొరల దాకా పోతుంది. మరి కొమురమ్మకు ఎందుకు సన్నగిల్లినట్టు? హెచ్‌ఐవీ పరీక్ష రెండుసార్లు చేశాం, లేదు. షుగర్ జబ్బూ లేదు.

చేర్చుకున్న రోజే సమ్మయ్యను అడిగాను. "ఏమన్న మందులు వాడుతదా?"

"మా ఆమె జరమొచ్చినా గోలీ ఏస్కోదు సిస్టర్. గట్టి మనిషి," అన్నాడు గర్వంగా.

కేస్ షీట్‌లో డ్రగ్ హిస్టరీ అని ఒక గడి ఉంటుంది. రోగి అంతకుముందు వాడిన మందులు అందులో రాయాలి. "నిల్" అని రాసి సంతకం పెట్టాను.

ఫంగస్‌కు ఇంజెక్షన్లు మొదలయ్యాక తలనొప్పి తగ్గింది. హమ్మయ్య అనుకుంటుండగా నాలుగో రోజు వాంతులు పట్టుకున్నాయి. బీపీ జారిపోయింది, రక్తంలో చక్కెర పడిపోయింది, మనిషి మగతలోకి పోయింది. సెలైన్లు ఎక్కిస్తున్నా బీపీ లేవదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందేమోనని మా డాక్టరు మందులు పెంచారు. సమ్మయ్యను పక్కకు పిలిచి ఆశ తక్కువేనని చెప్పారు. నాకూ భయం వేసింది.

ఆ మధ్యాహ్నం సారక్క వచ్చింది. కొమురమ్మతో ఒకే కూలీల ముఠాలో పని చేసే మనిషి. మంచం పక్కన కళ్లు తుడుచుకుంటూనే, నేను మోకాలు పట్టుకుని లేవడం చూసింది.

"గట్ల కుంటుతానవేంది చెల్లే? ఇగో, ఇది ఏస్కో. జరసేపట్ల తగ్గుతది."

కొంగుముడి విప్పి, స్ట్రిప్ నుంచి కత్తిరించిన ఒక గోలీ చేతిలో పెట్టింది. అబద్ధమెందుకు, మింగేద్దామనే అనుకున్నాను. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి పేరు చదివాను. డెక్సామెథసోన్. స్టెరాయిడ్.

"ఇదెవరిచ్చిండ్రక్కా?"

"మా మేస్త్రమ్మ. పొద్దుగాల చాయ్‌తోని తలా ఒకటి ఇస్తది. ఏస్కుంటె నడుం గుంజదు."

"కొమురమ్మ గూడ ఏస్కుంటదా?"

"ఏస్కోకేంది? మూడేండ్లసంది ఏస్కుంటాంది."

సమ్మయ్య అబద్ధం ఆడలేదు. ముఠా వాళ్ల లెక్కలో అది మందే కాదు, చాయ్‌లో భాగం. ఇంట్లో చెప్పాలన్న ఆలోచన కూడా రాని సంగతి. కానీ స్టెరాయిడ్ ఏళ్ల తరబడి వాడితే రోగనిరోధక శక్తి దిగజారుతుంది. బీపీని, చక్కెరను నిలబెట్టే స్టెరాయిడ్ ఒంట్లో సహజంగా ఊరడం కూడా మానేస్తుంది. ఆ గోలీని మేమే, తెలియకుండా, ఒక్కసారిగా ఆపేశాం.

మోకాలి సంగతి మరచిపోయి డాక్టరు గదికి పరుగెత్తాను. ఆ లోటు పూడ్చే స్టెరాయిడ్, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేశాం. సాయంత్రానికి బీపీ నిలిచింది. మర్నాడు కొమురమ్మ కళ్లు తెరిచి, "ఆకలైతాంది," అంది. సమ్మయ్య ఏడ్చాడు, అతన్ని చూసి నేనూ ఏడ్చాను.

సంగతి విన్న సారక్క మాత్రం హడలిపోయింది. "అయితే రేపటిసంది మేం గూడ బంద్ చేస్తం."

"వద్దక్కా, ఒక్కపాలి బంద్ చేస్తె పానం మీదికొస్తది. అందర్ని ఈడికి తీస్కరా. డాక్టరు సారు మెల్లమెల్లగ తగ్గిస్తడు."

ఆ రోజు నుంచి నేను మందుల గురించి ఒక్క ప్రశ్నతో సరిపెట్టను. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోట్లో ఏమేం పడుతుందో అడుగుతాను. ఎవరు ఇస్తారో కూడా అడుగుతాను.

మరుసటి వారం, నాకు ఓపీ డ్యూటీ పడిన రోజు, ఏడుగురు ఆడవాళ్లు ఒకే ఆటోలో దిగారు. వాళ్ల చీరలకంటిన మిర్చి ఘాటుకు ఓపీలో సగం మంది దగ్గారు. అందరికంటే ముందు నా బల్ల దగ్గరికి వచ్చినామె కొంగుముడి విప్పి, మిగిలిన స్ట్రిప్పులన్నీ నా ముందు పెట్టింది.

"నేనే మేస్త్రిని బిడ్డా. మంచిదనుకొనే ఇచ్చిన. నేను ఏడేండ్లసంది ఏస్కుంటాన," అంది.

ఆమెను తిట్టాలని వారమంతా మాటలు కూడబెట్టుకున్నాను. అవన్నీ పక్కన పెట్టాను. కుర్చీ జరిపి కూర్చోబెట్టి, కొత్త కేస్ షీట్ తీసి, డ్రగ్ హిస్టరీ గడి దగ్గరే రాయడం మొదలుపెట్టాను.