లష్కర్ తాత పాతిన రాళ్లు

గుట్ట బాటలో మేము మూడేళ్లు పాతిన రాళ్లను ఒక్క పూటలో జేసీబీతో పెకలించారు. వాటిని మళ్లీ పాతబోయి లష్కర్ తాత జారి పడ్డాడు. ఐదు రోజులకు, మంగళవారం పొద్దున, దవాఖానలో పోయాడు. మేము ఇంకా పాడె కట్టకముందే ఫారెస్టు ఆఫీసు వాళ్లు పత్రికల వాళ్లకు చెప్పిన మాట ఇది: "అనుమతి లేకుండా గుట్ట ఎక్కిన వృద్ధుడు ప్రమాదవశాత్తు మృతి."

మూడేళ్లు ప్రతి ఆదివారం ఎక్కాడు. అప్పుడు ఏ సారూ అనుమతి కాగితం అడగలేదు. ఆయన పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

బాన్సువాడలో ఇది చదివే వాళ్లు చాలామంది ఆ బాట మీద నడిచే ఉంటారు. తండా వెనక మొదలై, అడవిలోంచి పోయి గుట్ట నెత్తికి చేరుతుంది. పైనుంచి చూస్తే కాలువ కింది వరి పొలాలు కోటగిరి వైపు పరుచుకొని కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి కూడా బ్యాగులు తగిలించుకొని వస్తున్నారు. ఆ బాటను ఏ ఆఫీసూ వేయలేదు. తాతతో కలిపి పదిహేను మందిమి వేశాం. మాకు నేర్పింది ఆయన. ఉద్యోగమంతా నిజాంసాగర్ కాలువ మీద లష్కర్‌గా చేశాడు. అంటే తూము తలుపులు ఎత్తి దించి పొలాలకు నీళ్లు వదిలే మనిషి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక గుట్ట ఎక్కాడు.

నేను వెల్డింగ్ షాపులో పని చేస్తాను. చదువు పదో తరగతితో సరి. మొదటిసారి గుట్టకు పోయింది సెల్ఫీ కోసమే. ఆయన మోకాళ్ల మీద వంగి ఒక రాయి కింద మట్టి గోకుతున్నాడు. తల కూడా ఎత్తకుండా, "ఫోను వట్టిన చెయ్యికి గడ్డపార పడ్తదా, పటేలా?" అన్నాడు.

"నేను పటేల్‌ను గాదు తాతా, వెల్డింగోన్ని."

"అయితే ఇంక మంచిగాయె. రా, గీ కొస వట్టు."

ఆ ఏడు మేము చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. మాలో సగం మంది బీర్కూర్, కోటగిరి వైపు వరి పండించే ఇళ్ల వాళ్లు. తాత ఊళ్లో లేని వారం బాటను చదును చేసి, రెండు వైపులా మట్టి ఒడ్లు వేశాం. పొలంలో వేసినట్టే, పారతో నున్నగా మెత్తి మరీ. మంచి పని చేశామని మురిసిపోయాం. తొలి వానకు ఆ ఒడ్ల మధ్య నీళ్లు నిండి బాట మొత్తం కాలువలా పారింది. తాత వచ్చి చూసి, నవ్వు ఆపుకోలేక ఒక బండ మీద కూలబడ్డాడు.

"ఏందిరా గిది? తొవ్వ కట్టుమంటే మడి కట్టిన్రా? నాట్లు గూడ ఏస్తే అయిపోవు గదరా!"

"నీళ్లు అటు ఇటు పోకుండ ఆపినం తాతా," అన్నాడు బీర్కూర్ అన్న.

"ఆపుడు గాదు బిడ్డా. నేను బతుకంత నీళ్లను పొలానికి పంపిన. గీడ పొలం లేదు. తొవ్వ మీదికొచ్చిన నీళ్లను పది అడుగులు గూడ ఉరకనియ్యద్దు. పక్కకు తోలాలె."

ఆ తర్వాత ఆయన పద్ధతి చూశాం. వాన వస్తే జనం గుట్ట దిగుతారు, ఆయన ఎక్కేవాడు. యూరియా సంచిని నెత్తికి గొంగడిలా తొడుక్కొని, బాట పొడుగునా నీళ్ల వెంట నడిచేవాడు. నీళ్లు ఎక్కడ బాట మీదికి ఎక్కితే అక్కడ ఒక పుల్ల గుచ్చేవాడు. ఆదివారం మేము ఆ పుల్లల దగ్గర తవ్వి, బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్ల వరుస పాతేవాళ్లం. రాయి ముప్పాతిక వంతు మట్టిలోనే ఉండాలి. ఒక్కో వరుసను ఆయన తూము అనేవాడు. పాతాక మడమతో మూడుసార్లు తన్నేవాడు. మెదిలిందా, మొత్తం తీయించేవాడు. మాలో ఎవరైనా ఫోన్ తీస్తే, "ఫోటో తర్వాత. ముందుగాల రాయి కూసోవాలె" అనేవాడు.

చాలా మెత్తని మనిషి అని రాస్తే ఆయనే ఒప్పుకోడు. నోరు గలీజు. ఒకసారి నేను రోజంతా పాతిన వరుసను అందరి ముందు పీకించాడు. నెల రోజులు గుట్ట ముఖం చూడలేదు నేను. ఒక పొద్దున షాపుకు వచ్చి గడ్డపార నా ముందు పడేశాడు.

"మొన మొద్దువారింది. జర సాన వట్టు."

పట్టాను. వేలితో మొన చూసుకొని, "కోపం దిగిందా?" అన్నాడు.

"దిగలే."

"మంచిగైంది. కోపమున్నోడే గట్టిగ తవ్వుతడు. ఆదివారం రా."

అంతే. పోయాను.

ఈ ఎండాకాలం చివర ఆఫీసు వాళ్లకు మా బాట గుర్తొచ్చింది. ప్రారంభోత్సవం అన్నారు, మూడేళ్లుగా జనం నడుస్తున్న బాటకు. పెద్దమనుషుల కార్లు సగం దాకా ఎక్కాలని జేసీబీ తెచ్చారు. తాత ఆ ఆఫీసు సారు దగ్గరికి పోయాడు. నేను పక్కనే ఉన్నాను.

"సారూ, వెడల్పు జేస్కోండ్రి, రాళ్లు మాత్రం తియ్యకుండ్రి. వానలు ముంగట్నే ఉన్నయి."

"కార్లు ఎగురుతాయి పెద్దాయనా. రాళ్లు అడ్డం ఉన్నాయి కదా."

"అడ్డం ఉండాల్ననే పెట్టినం సారూ!"

సారు నవ్వాడు. మధ్యాహ్నానికి కింది సగంలో ఇరవై రెండు తూములు పోయాయి. ఆ రాళ్లనే పేర్చి, సిమెంటు పూసి, శిలాఫలకానికి గద్దె కట్టారు. మరునాడు ఆ గద్దె ముందే తాతకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆయన శాలువా నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టి, "రాళ్లు మోసేటప్పుడు నెత్తి మీదికి పనికొస్తది" అన్నాడు.

రెండో వానకే కింది సగం మోకాలి లోతు తెగింది. తాత ఫోన్ చేశాడు, వస్తావా అని. "షాపుల పని మస్తుంది తాతా, ఆదివారం పోదాం" అన్నాను. "ఆదివారం దాక నీళ్లు ఆగుతయారా?" అని పెట్టేశాడు. గురువారం ఒక్కడే పోయాడు. ఈ తప్పులో నా వాటా నాకుంది. దాన్ని ఎవరి మీదా రుద్దను. మిగతాది ఎవరిదో వాళ్లే మోయాలి.

మేకలు కాస్తున్న తండా అక్క ఆయనను చూసింది. తెగిన గండిలో పడి ఉన్నాడట. "కాలు ఇరిగింది, నెత్తికి దెబ్బ తాకింది. నేను లేవట్టవోతే, 'ముందు గా రాయి జరుపు బిడ్డా, నీళ్లు మల్ల తొవ్వ మీదికే వస్తున్నయి' అన్నడు" అని చెప్పింది. ఆమె రాయి జరిపింది. ఆ తర్వాతే తనను ముట్టుకోనిచ్చాడు. తండా వాళ్లు నలుగురు మంచం మీద కిందికి మోసుకొచ్చారు.

ఇప్పుడు బాట మొదట్లో ఆయన ఫోటోతో ఆఫీసు వాళ్ల శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఉంది. సోమవారం పై సగం మీదికి కూడా జేసీబీ ఎక్కుతుందని డ్రైవరే చెప్పాడు.

నిన్న వాన పడుతుండగా మేము ఎక్కాం. కింది సగమంతా ఎర్రటి గండి, చెట్ల వేర్లు బయటపడి ఉన్నాయి. పై సగంలో తాత పాతించిన తూములు పంతొమ్మిది ఉన్నాయి. నీళ్లు ఒక్కో వరుస దాకా ఉరికి వచ్చి, రాళ్లకు తగిలి, పక్కకు తిరిగి గడ్డిలోకి జారిపోతున్నాయి. బాట మీద చెప్పు గుర్తులు కూడా చెరగలేదు.

ఆఫీసు వాళ్లకు చెబుతున్నాను, ఇది చదివే వాళ్లంతా సాక్షులు. జేసీబీ పై సగం ఎక్కదని, గద్దె పగలగొట్టి మా రాళ్లు మాకిస్తామని, తాత మీద అన్న మాట వెనక్కి తీసుకుంటామని సంతకం పెట్టిన కాగితం ఇవ్వండి. ఇవ్వకపోతే సోమవారం జేసీబీ వచ్చేసరికి పంతొమ్మిది తూముల మీద పంతొమ్మిది మందిమి కూర్చొని ఉంటాం. మేము మిగిలింది పద్నాలుగు మందిమే. తక్కిన ఐదింటి మీద తండా వాళ్లు కూర్చుంటామన్నారు, తండా అక్క అన్నిటికంటే కిందిది కోరుకుంది. మీ జవాబు శనివారం సాయంత్రం ఐదు గంటల లోపు రావాలి.