బొట్టు పెట్టిన ఇంజను

పొద్దున్నుంచీ వాకిట్లో మా మనవడు మోపెడ్ తొక్కుతున్నాడు. ఎంత తొక్కినా ఇంజను అందుకోదు. పెట్రోలు వాసన వంటింటిదాకా వచ్చింది. ఆ వాసనకి, ఆ ఉత్త చప్పుడికి ఇప్పటికీ నాకు కాలు నిలవదు. పొయ్యి మీద పాలు దింపి గుమ్మంలోకి వస్తాను, మళ్ళీ లోపలికి పోతాను. మా అత్తగారు గుర్తొస్తారు.

పందొమ్మిది వందల ముప్పైల్లో, కలిదిండి దగ్గర ఆవిడ ఇంటికి నేను కాపరానికొచ్చిన కొత్త. దసరా వెళ్ళాక ముసురు పట్టి, ఈనబోతూ పొట్ట మీదున్న వరి మునిగింది. నీళ్ళు తోడే చిన్న పెట్రోలు ఇంజను ఒక్కటే దిక్కు. చక్రం ఎంత తిప్పినా అది పలకలేదు. ఆ నీళ్ళు నిలిస్తే ఏడాది తిండి కుళ్ళిపోయినట్టే.

"ఏలూరు కబురంపి ఫిట్టరుని పిలిపిస్తానమ్మా," అన్నారు మా వారు.

"ఆయన పడవెక్కి వచ్చేసరికి నీ చేను కొల్లేట్లో కలిసిపోద్ది. ప్లగ్గు ఊడదియ్యి."

ఇంజను బిగించిన రోజున ఫిట్టరు వెనకే నిలబడి అన్నీ అడిగి తెలుసుకున్న మనిషి ఆవిడ. పెట్రోలు డబ్బా దూరంగా పెట్టించి, నిప్పురవ్వ పుడుతోందో లేదో చూడ్డానికి, తీగ తగిలించిన ప్లగ్గుని ఇంజను ఇనుముకి ఆనించమన్నారు. పగటి వెలుగులో అది కంటికి ఆనదని నా చేత చీర కొంగు అడ్డం పట్టించారు. మా వారు చక్రం తిప్పారు. రవ్వ లేదు. ప్లగ్గు మార్చారు. లేదు. తీగ చివరలు గీకి బిగించారు. లేదు. ఆవిడ గట్టెక్కి నీళ్ళు చూసొస్తారు, మళ్ళీ వెళతారు. "దిక్కులు చూస్తావేంటమ్మాయ్, కొంగు సరిగ్గా పట్టు!" అని నా మీద కేక. నేను పట్టుకునే ఉన్నాను.

మా వారికి విసుగొచ్చింది. "ఇది అలిగిందమ్మా. దీనికి దసరా పూజ నువ్వు తొందర తొందరగా కానిచ్చేశావు."

"తొందరేంట్రా? మూతలు తీసి మరీ పెట్టాను బొట్లు..."

అంటూనే ఆగిపోయారు. దసరా తర్వాత ఆ ఇంజను తిప్పే పని మాకు పడలేదు.

ఆవిడే వంగి, నిప్పు పుట్టించే మాగ్నెటో మూత విప్పారు. ఒకదానికొకటి తగిలి విడిపోయే రెండు చిన్న ముక్కల మధ్య పసుపు ఎండి ఉంది, దాని మీద కుంకుమ. ఆ ముక్కలు తగలడమే లేదు, ఇక రవ్వెక్కడిది.

"నా చెయ్యే," అన్నారు, అందరికీ వినబడేలా.

పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, "తిప్పరా" అన్నారు. నా కొంగు నీడలో రవ్వ నీలంగా చిటుక్కుమంది. ప్లగ్గు బిగించాక ఇంజను అందుకుంది, నీళ్ళు గట్టవతలికి దూకాయి. చేను దక్కింది. ఆవిడ నా వైపు చూడకుండానే, "కొంగు బాగానే పట్టావులే," అన్నారు.

అప్పట్నుంచీ ఇంట్లో ఏది చెడినా, దాని మీద ఆఖరున పడింది నా చెయ్యేనా అని ముందు వెతుక్కుంటాను. కేకలు వెయ్యడం మానలేదు, కాస్త ఆలస్యంగా వేస్తాను. ఇందాకటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను. నిన్న ఆ మోపెడ్ మీద బకెట్లకొద్దీ నీళ్ళు కుమ్మరించి కడిగింది వాడే, నేను కాదు. ఇక వాకిట్లోకి వెళ్ళి కేక వెయ్యొచ్చు.