అంకుల్ తగ్గించుకున్న బరువు

మా పక్కింటి అంకుల్ పోయారు. కైమనవా కొండల్లో జింకను కొట్టి, మాంసం మోసుకుని దిగుతుంటే గుండె ఆగిపోయింది. హెలికాప్టర్ వచ్చేసరికే అంతా అయిపోయిందట. ఈ కబురు హామిల్టన్‌లో మనవాళ్ళ ఇళ్ళకు చేరిన సాయంత్రమే ఇంకో మాట కూడా చేరింది: ఆంటీ డబ్బు దగ్గర బిగించకుండా కొండలెక్కడానికి తేలిక సామాను కొననిచ్చి ఉంటే మనిషి దక్కేవాడని. ఆ మాట పచ్చి అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

అంకుల్‌ది వరంగల్ వైపు. ఇక్కడ ఫారాల్లో పాలు పితికే మెషీన్లు రిపేరు చేసేవారు. వేట నేర్పింది ఆయనతో పనిచేసే, ఈ దేశంవాడే అయిన ఒక కివీ మిత్రుడు. కివీలు జింకను కొట్టిన చోటే ఎముకల నుంచి మాంసం ఒలుచుకుని, అది మాత్రమే మోసుకొస్తారు. అంకుల్ కూడా మొదట్లో అలాగే తెచ్చి మనవాళ్ళందరికీ పంచారు. మాకు నచ్చలేదు. బొక్క లేకపోతే అదేం కూర? అప్పటి నుంచి తొడలు, పక్కటెముకలు, కాళ్ళు, తలకాయ అన్నీ ఆయన వీపెక్కాయి.

ఆదివారం సాయంత్రం గరాజ్‌లో పట్టా పరిచి, ఊళ్ళో లాగే పోగులు వేసేవారు. ప్రతి పోగులోనూ కాస్త కార్జం, ఒక మూలుగ బొక్క ఉండాల్సిందే. ఆంటీ గోడవైపు తిరిగి నిలబడేవారు. అంకుల్ ఒక పోగు మీదికి కత్తి చూపించి "ఇదెవరికి?" అనేవారు. ఆంటీ వెనక్కి చూడకుండా మాలో ఒకరి పేరు చెప్పేవారు. నాకు తక్కువొచ్చింది, వాడికి ఎక్కువొచ్చింది అని ఎవరూ పేచీ పెట్టకుండా ఆ ఏర్పాటు.

మోకాళ్ళు మొరాయించడం మొదలయ్యాక అంకుల్‌కు తేలిక సామాను పిచ్చి పట్టింది. గిన్నె, స్టవ్, స్లీపింగ్ బ్యాగ్ అన్నీ వంటింటి త్రాసు మీద తూచేవారు. టూత్‌బ్రష్ కాడ సగానికి విరిచేశారు. "ఒక గిన్నెకు అంత పెట్టాలా అంకుల్?" అని అడిగితే, "పైసలు మళ్ళ సంపాయిస్త. మోకాళ్ళు యాడికెళ్ళి తెస్త?" అనేవారు. టైటానియం గిన్నె వచ్చింది, గుప్పిట్లో పట్టే టెంటు వచ్చింది. చివరికి దూదిలాంటి వీపుబ్యాగు వచ్చింది. ఆ బ్యాగు కొన్నది ఎవరనుకున్నారు? ఆంటీయే. చెల్లెలి కూతురి పెళ్ళికి ఇండియా వెళ్దామని దాచుకున్నది తీసిచ్చారు. "ఈయన నడుము మంచిగుంటె పెండ్లిళ్ళు ఎన్నైన చూస్త" అని మా ఆవిడతో అన్నారు.

బ్యాగు వచ్చిన రోజు అంకుల్ మా వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి, "సామాను బరువు సగం తగ్గింది" అని మురిసిపోయారు. వెంటనే ఒకాయన, "అయితే ఈసారి రెండు తలకాయలు అంకుల్!" అని రాశాడు. నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. అందులో నాదీ ఉంది. ఆయన కష్టపడి తగ్గించుకున్న ప్రతి కిలో చోటులోనూ మేం ఎక్కి కూర్చున్నాం. తేలిక సామాను దండగా అని ఇప్పుడు పెద్ద చర్చ పెడుతున్నారు. దండగేం కాదు. దాని సుఖం ఆయన వీపుకు దక్కనివ్వలేదు, అంతే.

అంత్యక్రియలకు వచ్చిన కివీ మిత్రుడు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అంకుల్ పోయిన రోజు వేటలో తనూ పక్కనే ఉండి, మాంసం ఒలిచేసి ఎముకలు వదిలేద్దామని ఎంతో నచ్చజెప్పాడట. అంకుల్ సరేనని కొంత దూరం దిగి, మళ్ళీ ఆ ఏటవాలు ఎక్కి వెళ్ళి వాటిని బ్యాగులో వేసుకున్నారట. "మావాళ్ళు వీటికోసం ఎదురుచూస్తుంటారు" అన్నారట.

కర్మ అయిన రోజు అందరం గరాజ్‌లో నిలబడి ఉన్నాం. ఆ రెండు తలకాయల పెద్దమనిషి బ్యాగును ఒంటివేలితో ఎత్తి, "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో! ఇది ముందే కొననివ్వాల్సింది ఆంటీ. అమ్మేట్టయితే నాకు చెప్పండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తేలిగ్గానే ఉంటుంది. మనం అడిగిన బొక్కలు ఇప్పుడు అందులో లేవుగా" అన్నాను. మిత్రుడు చెప్పినదంతా అక్కడే, అందరి ముందూ చెప్పేశాను. బ్యాగు ఎవరు కొన్నారో కూడా చెప్పాను.

ఆంటీ ఏడవలేదు. మూలనున్న పట్టా తీసి పరిచారు. గిన్నె, స్టవ్ ఒక పోగు. టెంటు ఒక పోగు. స్లీపింగ్ బ్యాగ్ ఇంకోటి. ఆ మనిషి చేతిలోంచి వీపుబ్యాగు తీసుకుని చివర నిలబెట్టారు. తర్వాత ఎప్పటిలాగే గోడవైపు తిరిగారు.

"అడుగుండ్రి" అన్నారు. "ఇదెవరికి అని అడుగుండ్రి. నేను పేరు చెప్త."

ఖాళీ బ్యాగు నిలబడలేక మెల్లగా పక్కకు ఒరిగింది. ఆంటీ ఇంకా గోడవైపే చూస్తూ నిలబడి ఉన్నారు.